ఒకే అక్షరం, ఎన్నో మాటలు: స్కాండినేవియా ‘ఓ’ మీద అపోహలు - వాస్తవాలు

స్వీడిష్, నార్వీజియన్ కాగితాలు అనువాదం చేయడం నా పని. చదువుకో ఉద్యోగానికో స్వీడన్ వెళ్లే మనవాళ్లు అక్కడి బారెడు సమాసాలు చూసి టెన్షన్ పడుతుంటారు. అవి పదాలుగా విడదీస్తే లొంగిపోతాయి. తిప్పలు పెట్టేది చిన్న మాటలే. రోమన్ ‘ఎ’ నెత్తిన చిన్న సున్నా పెట్టి రాసేది ఒకటుంది. అది అక్షరమూ, మాటా కూడా.

అపోహ: ఎ మీద సున్నా కాబట్టి ‘ఆ’ అని చదవాలి.

వాస్తవం: ‘ఓ’ అని చదవాలి. డెన్మార్క్ వాళ్ల నోట మాత్రం కాస్త ‘ఆ’ వైపు మొగ్గుతుంది. నెత్తినున్నది సున్నా కాదు, చిన్న రోమన్ ‘ఓ’ అక్షరమే. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత నార్స్‌లో దీర్ఘ ‘ఆ’గా పలికిన ధ్వని మధ్యయుగాల్లో ‘ఓ’ వైపు జరిగింది. స్వీడిష్‌లో ఈ అక్షరం 1526 నాటి బైబిల్ కొత్త నిబంధన అనువాదంతో అచ్చులోకి వచ్చింది. నార్వే 1917లో, డెన్మార్క్ 1948లో గానీ అధికారికంగా తీసుకోలేదు. అంతవరకూ రెండు ‘ఎ’లు పక్కపక్కన రాసేవారు. డెన్మార్క్‌లోని ఓర్‌హూస్ నగరం 2011 నుంచి మళ్లీ ఆ పాత రాతకే వెళ్లిపోయింది. అన్నట్టు, నిఘంటువులో దీన్ని ‘ఎ’ దగ్గర వెతక్కండి. జెడ్ దాటాక ఉంటుంది.

అపోహ: ‘ఓ’ అంటే నది.

వాస్తవం: నదే, కానీ ప్రతి నదీ కాదు. స్వీడిష్‌లో వాగు ‘బెక్’, పెద్ద నది ‘ఎల్వ్’, ఆ రెంటికీ నడుమది ‘ఓ’. ఉప్సలా ఊళ్లోంచి పారే ఫ్యూరిస్ అలాంటిది. మరి గోదావరి? ‘ఎల్వ్’ కూడా కాదు. స్కాండినేవియా బయటి పెద్ద నదుల్ని ‘ఫ్లూడ్’ అంటారు. గోదావరిని ‘ఎల్వ్’ అని రాస్తే తప్పు పట్టకపోవచ్చు గానీ, చదివేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఊళ్ల పేర్లలో ఈ మాట దాక్కుని ఉంటుంది. పాత భాషలో ‘ఆ’ అంటే నది, ‘ఓస్’ అంటే నది ముఖద్వారం. ఏరు వెళ్లి నీళ్లలో కలిసే చోటు ‘ఆరోస్’. ఓర్‌హూస్ పాత పేరు అదే. స్వీడన్‌లోని వెస్టెరోస్ ఒకప్పుడు ‘పడమటి ఆరోస్’, ఉప్సలా ‘తూర్పు ఆరోస్’.

అపోహ: ఫ్రెంచ్‌లో నీళ్లను ‘ఓ’ అంటారు కదా, అక్కడి నుంచి తెచ్చుకున్నారు.

వాస్తవం: తెచ్చుకోలేదు, కానీ చుట్టరికం ఉంది. ఫ్రెంచ్ మాట లాటిన్ ‘ఆక్వా’ అరిగితే వచ్చింది. స్కాండినేవియా మాట ప్రాచీన జర్మానిక్ (ఇంగ్లిష్, జర్మన్, స్వీడిష్‌ల మూలభాష) ‘అహ్వో’ నుంచి వచ్చింది. ఆక్వా, అహ్వో ఒకే కుదురువి. రెండూ వేర్వేరు దారుల్లో అరిగి చివరికి ఒకేలా వినబడుతున్నాయి. స్వీడిష్‌లో ద్వీపానికి కూడా ఒక్క అక్షరమే. రోమన్ ‘ఓ’ మీద రెండు చుక్కలు పెట్టి రాస్తారు. అదీ ఈ ‘అహ్వో’ కుటుంబంలోదే, నీళ్లకు సంబంధించినదని అర్థం.

ఇక్కడ మనవాళ్లు సంస్కృత ‘ఆపః’ను కూడా లాక్కొస్తారు. అది కుదరదు. ఆక్వాలోని ‘క్వ’ లాంటి మూలధ్వని సంస్కృతంలో ‘క’ గానో ‘చ’ గానో మారుతుంది తప్ప ‘ప’ కాదు. ‘పంచ’లోని ‘చ’ అలా వచ్చిందే.

అపోహ: ఇది నానార్థాలున్న ఒకే మాట.

వాస్తవం: నాకు ఎక్కువ పని పెట్టేది ఇదే. ఇవి వేర్వేరు మాటలు, అరిగి అరిగి ఒకే రూపానికి వచ్చాయి. నార్వీజియన్‌లో క్రియ ముందు వచ్చే ‘ఓ’కి నదితో సంబంధమే లేదు, అది పాత ‘అట్’ అనే మాట అరిగితే వచ్చింది. ‘ఓ లేసె’ అంటే చదవడం. ‘మరియు’ అనే అర్థమిచ్చే ‘ఓగ్’ కూడా మాటల్లో ‘ఓ’గానే పలుకుతుంది. అందుకే ఈ రెండింటినీ తారుమారు చేయడం నార్వే బడిపిల్లలే కాదు, పెద్దవాళ్లూ చేసే తప్పు. స్వీడన్‌లో ఫోన్ మెసేజీల్లో ‘మరియు’కి ఈ ఒక్క అక్షరం కొట్టేసి ఊరుకుంటారు. ఇంకోటి ‘మీద’ అనే పాత విభక్తి మాట. ‘ఒకవైపు చూస్తే’ అనడానికి స్వీడిష్‌లో ఇప్పటికీ ‘ఓ ఏనా సీదన్’ అంటారు. ఇవాళ ‘మీద’కి వాడే ‘పో’ కూడా ‘ఉప్’, ‘ఓ’ కలిసి కుదించుకుపోయిందే.

అపోహ: ఈ పేరున్న ఊరు ప్రపంచంలో ఒక్కటే.

వాస్తవం: అందరూ ఫొటో దిగేది నార్వే లోఫోటెన్ దీవుల్లో, ఈ-10 రోడ్డు చివరనున్న ఊరు. నార్వేలోనే ఈ పేరుతో ఇంకా ఊళ్లున్నాయి, స్వీడన్‌లోనూ ఉంది.

అపోహ: ఫిజిక్స్‌లో అతి చిన్న పొడవులు కొలిచే ఆంగ్‌స్ట్రామ్ గుర్తు వేరు, ఈ అక్షరం వేరు.

వాస్తవం: స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఓంగ్‌స్ట్రోమ్ ఇంటిపేరు మొదటి అక్షరమే అది. కంప్యూటర్లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో మాత్రం గుర్తుకొకటి, అక్షరానికొకటి, రెండు సంకేతాలు ఇచ్చారు. కంటికి ఒకటే. ఫైల్లో ఒకటుంటే, రెండోది కొట్టి వెతికినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లకు దొరకదు. అక్షరాన్నే వాడమని యూనికోడ్ సలహా.

మరి బడి పుస్తకాల్లో ‘ఆంగ్‌స్ట్రామ్’ మార్చాలా? అక్కర్లేదు, అది పాతుకుపోయింది. కొత్తగా రాసే స్వీడన్ ఊళ్ల, ప్రాంతాల పేర్లు మాత్రం ‘స్కోనె’, ‘వెస్టెరోస్’ అనే రాయండి. ‘స్కేన్’, ‘వాస్టెరాస్’ అని అలవాటైతే రేపు అక్కడి రైల్లో మన స్టేషన్ పేరు చెప్పినా పోల్చుకోలేం.