ఉత్త ఎంబీబీఎస్సేనా? జనరల్ ప్రాక్టీసు ఆదాయంపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో మా క్లినిక్కు. రిసెప్షన్ బల్ల మీద యూపీఐ చెల్లింపులను గట్టిగా చదివే చిన్న పెట్టె ఒకటి ఉంది. ఎవరు ఫీజు కట్టినా నాలుగు వందలు అందాయని బయట వరండా దాకా వినిపించేలా ప్రకటిస్తుంది. డెంగీ రద్దీలో ఒక సాయంత్రం, గంటకు పైగా వరుసలో కూర్చున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు లోపలికి వస్తూనే లెక్క చెప్పాడు. "గంటకు పది మంది మేడమ్. ఎనిమిది గంటలు, ముప్ఫై రోజులు. నెలకు తొమ్మిది లక్షల అరవై వేలు. మా మేనేజరుకు కూడా అంత రాదు." అప్పుడతని జ్వరం 102. అంత జ్వరంలోనూ గుణకారం తప్పలేదు. తప్పిందల్లా గుణించిన అంకెలే.

పదకొండేళ్లుగా ఇదే వీధిలో ప్రాక్టీసు చేస్తున్నాను. చుట్టాలు, రోగులు, ఇంటి ఓనరు, అందరూ నా ఆదాయాన్ని నాకంటే ధీమాగా చెబుతారు కాబట్టి ఒకసారి కూర్చుని రాద్దామనిపించింది.

అపోహ: క్లినిక్కు ముందు జనం ఉన్నారంటే డబ్బే డబ్బు

జనం ఎక్కువగా ఉండే నెలల్లోనే ఫీజు కట్టని వాళ్లు ఎక్కువ. ఇది బయట కూర్చున్న వారికి తెలియదు. మా దగ్గర వారం లోపు మళ్లీ వస్తే ఫీజు లేదు. డెంగీ అనుమానం ఉన్న మనిషిని ఒక్కసారి చూసి పంపేయడం కుదరదు. మొదటి ఐదు రోజుల్లో అయితే డెంగీని పట్టే ఎన్‌ఎస్1 రక్త పరీక్ష పనికొస్తుంది. కానీ అసలు భయం జ్వరం ఉన్నప్పుడు కాదు, తగ్గాక. జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల నుంచి నీరు కారిపోయి మనిషి కూలబడే ప్రమాదం ఉంటుంది. అందుకే "తగ్గిపోయింది మేడమ్, ఇక రాను" అన్నవారిని మరీ మరీ రమ్మంటాను. ప్లేట్‌లెట్లతో పాటు రక్తం చిక్కబడుతోందా అని చూడాలి, బీపీ చూడాలి, కడుపు నొక్కి చూడాలి. అలా ఒక డెంగీ రోగి నాలుగుసార్లు వస్తాడు, పెట్టె ఒక్కసారే పలుకుతుంది. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించిన రోజుల్లో నేను రోజుకు నలభై ఐదు మందిని చూశాను. ఫీజు కట్టింది పాతిక మంది.

ఇక సంక్రాంతి వారం చూడాలి. ఈ చుట్టుపక్కల పీజీ హాస్టళ్లలో ఉన్న మనవాళ్లంతా భోగికి రెండు రోజుల ముందే బస్సెక్కేస్తారు. ఆ వారమంతా నేనూ, రిసెప్షన్ అమ్మాయీ, ఈగలూ.

ఏడాది మొత్తం మీద సగటు తీస్తే ఫీజు కట్టేవారు రోజుకు ఇరవై రెండు మంది. నెలకు 26 రోజులు, 400 రూపాయల చొప్పున 2,28,800. డ్రెస్సింగులు, ఈసీజీలు, టీకాల మీద మరో ఇరవై వేలు. ఇప్పుడు తీసివేతలు. అద్దె 38,000. ఇద్దరు సిబ్బందికి 40,000. ఊడ్చి తుడిచే ఆమెకు 5,000. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ 8,000. సిరంజిలు, గ్లౌజులు, దూది, టీకాల కొనుగోలు 12,000. వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థకు, బీమాకు, లైసెన్సులకు, మరమ్మతులకు కలిపి నెలకు 7,000. మిగిలేది దాదాపు లక్షా నలభై వేలు. అందులోంచి క్లినిక్కు పెట్టడానికి తీసుకున్న అప్పు వాయిదా 18,000 పోతుంది. తక్కువని అనను, సంసారం హాయిగానే గడుస్తుంది. కానీ పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, నాకు జ్వరం వచ్చి పడుకున్న రోజున పెట్టె నోరు మెదపదు.

మొదటి ఏడాది సంగతి వేరే. అప్పట్లో ఫీజు 200, రోజుకు ఏడుగురు వస్తే గొప్ప. నెలకు 36,400 వస్తే, అద్దె 22,000, ఒక అమ్మాయి జీతం 12,000 పోగా మిగిలింది 2,400. బెంగళూరులో అద్దెకు పది నెలల అడ్వాన్సు కట్టడం మామూలు. ఆ రెండు లక్షల ఇరవై వేలూ మా నాన్న అనంతపురంలో చీటీ పాడి ఇచ్చారు. ఇల్లు గడవడానికి వారానికి మూడు రాత్రులు ఒక ఆసుపత్రిలో డ్యూటీ చేసేదాన్ని. కొత్తగా క్లినిక్కు పెట్టాలనుకునే జూనియర్లకు నేను చెప్పేది ఒకటే: రెండేళ్ల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకుని బోర్డు కట్టండి.

అపోహ: పీజీ సీటు రాని వాళ్లే జనరల్ ప్రాక్టీసులోకి వస్తారు

మారతహళ్లిలో పీజీ అంటే హాస్టలు. నా రోగుల్లో సగం మంది పీజీల్లోనే ఉంటారు, నాకే పీజీ లేదు. "ఉత్త ఎంబీబీఎస్సేనా అమ్మా?" అని కొడుకును చూడటానికి ఊరి నుంచి వచ్చిన తల్లులు మొహమాటం లేకుండా అడుగుతారు. ఉత్తదేమీ కాదు: నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ పైన పదకొండేళ్ల ప్రాక్టీసు. నిజం చెప్పాలంటే నేనూ రెండుసార్లు పీజీ ప్రవేశ పరీక్ష రాశాను. రాలేదు. రాకపోవడం వల్లే ఇక్కడికి వచ్చాను, కానీ ఇక్కడే ఉండిపోవడానికి కారణం అది కాదు. ఒకే ఇంట్లో మూడు తరాలను చూడటం నాకు నచ్చింది. ఇప్పుడు ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎండీ, డీఎన్‌బీ అనే పీజీ కోర్సులు రెండూ ఉన్నాయి. ఇష్టపడి ఈ దారి పట్టే పిల్లలు కనిపిస్తున్నారు. బ్రిటన్‌లోనైతే జనరల్ ప్రాక్టీసుకు విడిగా మూడేళ్ల శిక్షణ ఉంటుంది. పెళ్లిచూపుల్లో మాత్రం ఇప్పటికీ చర్మ వైద్యులదే రాజ్యం.

అపోహ: ల్యాబుల నుంచి, మందుల షాపుల నుంచి వచ్చే కమీషనే అసలు ఆదాయం

ఇది పూర్తిగా అపోహ అని రాస్తే నేను అబద్ధమాడినట్టే. కమీషన్లు ఉన్నాయి. రోగిని పంపినందుకు డబ్బు తీసుకోకూడదని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి స్పష్టంగా చెబుతోంది. మందుల కంపెనీల కానుకలను 2009 సవరణ నిషేధించింది. అయినా నేను క్లినిక్కు తెరిచిన మూడో నెలలో ఒక ల్యాబు ప్రతినిధి వచ్చి, స్వీటు డబ్బా కింద కవరు పెట్టి వెళ్లాడు. డబ్బా ఉంచుకుని కవరు తిరిగి పంపాను. (స్వీట్లు బాగున్నాయి. డబ్బా కూడా పంపాల్సిందని తర్వాత అనిపించింది.) అతను కోప్పడలేదు, "ఆలోచించుకోండి మేడమ్, తొందరేం లేదు" అని నవ్వాడు. ఆ నెల నా చేతిలో మిగిలేది 2,400 అని అతనికి తెలుసేమో అనిపించింది నాకు.

మందుల షాపు వాళ్లు అద్దె లేకుండా గది ఇస్తామంటారు. ఆ అద్దె ఎక్కడి నుంచి వస్తుందో మందుల చీటీ పొడవు చూస్తే అర్థమవుతుంది. మీ డాక్టరును అనుమానించే ముందు చిన్న ప్రశ్న అడగండి: "ఈ పరీక్ష వేరే చోట చేయించుకోవచ్చా?" ఎక్కడైనా సరే అంటే మంచిది. ఫలానా చోటే అని పట్టుబడితే కారణం అడగండి. ఒక్కోసారి న్యాయమైన కారణమే ఉంటుంది, ఆ ల్యాబు ఫలితాలు నమ్మదగినవి కావచ్చు.

అపోహ: మంచి డాక్టరైతే సూది వేస్తారు, గ్లూకోజు ఎక్కిస్తారు

నన్ను ఎక్కువగా నష్టపరిచేది ఇదే. కర్నూలు వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన, రెండు రోజుల జలుబు, ఒళ్లు నొప్పులు. గొంతు చూశాను, ఛాతీ విన్నాను. వైరల్ జ్వరం, పారాసిటమాల్ వేసుకుని నీళ్లు తాగి పడుకోమన్నాను. ఆయన కదల్లేదు. చొక్కా చేయి పైకి మడిచి, మోచేయి నా బల్ల మీద ఆనించి కూర్చున్నాడు. "ఒక సీసా ఎక్కించండి డాక్టరమ్మా. పొద్దున సెంట్రింగు పని ఉంది. పోతే ఎనిమిది వందలు పోతాయి." ఆయన బాధ నాకు అర్థమైంది. నేను ఆయనకు చెప్పింది ఇదీ: అరలీటరు గ్లూకోజు సీసాలో ఉండేది పాతిక గ్రాముల చక్కెర. వంద కేలరీలు. రెండు ఇడ్లీలు తింటే అంతకు తక్కువ కాదు, పైగా నరానికి చిల్లు పడదు. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి తాగితే చాలు. సీసా అవసరమయ్యేది వాంతులు ఆగనివారికి, నోటితో తాగలేనివారికి, బీపీ పడిపోయినవారికి.

ఆయన ఇడ్లీల మాటకు నవ్వాడు, ఫీజు కట్టాడు, మరో వీధిలో సీసా ఎక్కించుకున్నాడని తర్వాత వాళ్ల ఊరివాడే చెప్పాడు. అక్కడ ఆయన ఎంత కట్టాడో అడగలేదు. సీసా ఎక్కించి ఉంటే నాకు ఆ రోజు రెండు ఫీజుల డబ్బు అదనంగా వచ్చేది, ఆయనా నా దగ్గరే ఉండిపోయేవాడు. బ్రిటన్‌లో జనరల్ ప్రాక్టీసులకు ప్రధానంగా నమోదైన రోగుల సంఖ్యను బట్టి డబ్బు అందుతుంది. "మీకు మందు అవసరం లేదు" అన్నందుకు అక్కడి డాక్టరు జేబు తేలిక పడదు. ఇక్కడ పడుతుంది. మా వృత్తిలో ఉన్న మంచీ చెడూ అర్థం చేసుకోవాలంటే ముందు ఈ తేడా తెలియాలి.

యాంటీబయాటిక్ రాయమని పట్టుబట్టడం, వెనక తేదీతో సెలవు సర్టిఫికెట్ అడగడం కూడా ఇదే కోవ. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ వివరాలూ రిజిస్టరులో రాయాలి. పోయిన సోమవారం రాని మనిషిని ఏ పేజీలో రాయను?

అపోహ: మధ్యాహ్నం ఖాళీ, రాత్రి ఖాళీ, హాయైన ఉద్యోగం

ఉదయం పది నుంచి ఒకటిన్నర, సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర. బోర్డు మీద ఉన్నది ఇంతే. మధ్యాహ్నాలు రిజిస్టర్లకు, బ్యాంకుకు, లైసెన్సుల పనికి పోతాయి. సూదులు తెల్ల డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో వేసి లెక్క రాయాలి. ఆసుపత్రి వ్యర్థాలపై వచ్చిన 2016 నియమాలు చిన్న క్లినిక్కుకూ వర్తిస్తాయి. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు నేను బయలుదేరతాను. వాళ్లు నిద్రపోయాక ఇంటికొస్తాను.

ఆ తర్వాత ఫోను. ఇక్కడి కొడుకులు, కోడళ్లు ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల రిపోర్టులు వాట్సాప్‌లో పంపి "ఒకసారి చూడండి మేడమ్" అంటారు. ఒక రాత్రి పదకొండుకు ప్రొద్దుటూరు నుంచి ఒకరి తండ్రి రిపోర్టు వచ్చింది, ఆరు పేజీలు. "కొలెస్ట్రాల్ పక్కన గుర్తు పెట్టారు, భయంగా ఉంది" అని కింద రాసి ఉంది. కొలెస్ట్రాల్‌తో ఆ రాత్రికి వచ్చిన ప్రమాదమేమీ లేదు. మూడో పేజీలో పొటాషియం 6.2 ఉంది, అసలు ప్రమాదం అదే. ఆయన వాడే బీపీ మాత్రల్లో రెండు పొటాషియాన్ని పెంచేవే. వెంటనే ఫోను చేసి, ఆ మాత్రలు ఆపించి, అప్పటికప్పుడే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించి, రక్తం మళ్లీ పరీక్ష చేయించమన్నాను. నమూనా పాడైనా అంకె పెరగవచ్చు, కానీ పాడైందనుకుని తెల్లారే దాకా ఆగకూడదు. రెండోసారీ పొటాషియం ఎక్కువే వచ్చింది. చికిత్స చేసి మూడో రోజు ఇంటికి పంపారు.

ఫోనులో చూసినా తగిన ఫీజు తీసుకోవచ్చని 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో ఉంది. మన ఊరివాళ్లను అడగడానికి నాకు నోరు రాదు. అది నా బలహీనత, వృత్తి నియమం కాదు.

అపోహ: డాక్టర్లది లెక్కకు రాని డబ్బు

వైద్య సేవలకు జీఎస్టీ లేదు, ఆదాయపు పన్ను ఉంది. మాలాంటి వృత్తుల వారికి, వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కట్టే వీలుంది. వసూళ్లలో నగదు చాలా తక్కువగా ఉంటే ఏడాదికి 75 లక్షల దాకా ఇది వర్తిస్తుంది. నాకు వచ్చేదంతా ఇప్పుడు యూపీఐలోనే, అదీ వరండాలో ఉన్నవారందరి ఎదుట.

ఆ గుణకారం కుర్రాడు మొత్తం నాలుగుసార్లు వచ్చాడు. ప్లేట్‌లెట్లు 48 వేలకు దిగి మళ్లీ పెరిగాయి. చివరిసారి, "మూడుసార్లు ఊరికే చూశారు మేడమ్, లెక్క మార్చాలి" అని తనే అన్నాడు. మరుసటి రోజు రిసెప్షన్ అమ్మాయితో పెట్టె శబ్దం తగ్గించమన్నాను. తగ్గించింది. రెండు రోజుల్లో ముగ్గురు కట్టకుండానే కట్టామని చెప్పి వెళ్లిపోయారట. మళ్లీ పెంచేసింది.