ఆర్డరుకు ఒక వరుస, చూపుకు మరో వరుస

ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ) పబ్లిక్ ఇష్యూ మాట వచ్చిన ప్రతిసారీ కో-లొకేషన్ (బ్రోకర్ల సర్వర్లను ఎక్స్ఛేంజీ ఆవరణలోనే ఉంచడం) వ్యవహారం మళ్లీ పైకి వస్తోంది. ఎవరికి ఎంత లాభం వచ్చిందన్న లెక్కల దగ్గరే చర్చ ఆగిపోతోంది గానీ, దాని మూలం 1994 నవంబరు 3న ఆ ఎక్స్ఛేంజీలో షేర్ల ట్రేడింగ్ మొదలైననాటి ఒక నిబంధనలో ఉంది.

అంతకుముందు ముంబయి దలాల్ స్ట్రీట్‌లోని బీఎస్‌ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ) బేరాల హాలు 'రింగు'లో కేకలతో, చేతి సైగలతో సాగిన బేరాల్లో అసలు ధర ఎంతో అక్కడ నిలబడ్డవారికే తెలిసేది. కంప్యూటర్ తెర వచ్చాక ఆర్డర్లన్నీ ఒకే పుస్తకంలో చేరాయి. ఆ నిబంధన ఇదే: మెరుగైన ధరకు మొదటి ప్రాధాన్యం, ధర ఒకటే అయితే ముందు వచ్చిన ఆర్డరుకు. ఒక షేరును రూ.500కు కొంటామని ఇద్దరు ఆర్డర్లు పెట్టి ఉంటే, ఆ ధరకు అమ్మేవారు రాగానే ముందు పెట్టినవారి వంతే వస్తుంది; కొన్నదెవరో అమ్మినవారికి తెలియదు. శాటిలైట్ డిష్ ఉంటే చాలు, హైదరాబాద్ బ్రోకరూ ముంబయి బ్రోకరూ ఒకే వరుసలో నిలబడగలిగారు. 1875 నాటి బీఎస్‌ఈ కూడా 1995లో తెరకు మారక తప్పలేదు. మన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ మాత్రం తట్టుకోలేక, 2007లో గుర్తింపు కూడా పోగొట్టుకుంది.

అయితే ఆ నిబంధన ఆర్డర్ల వరుసకే వర్తిస్తుంది. ధరల సమాచారం ఎవరికి ముందు చేరాలో చెప్పదు. బేరాలు సెకన్లలో జరిగినన్నాళ్లూ ఆ లోటు ఎవరికీ పట్టలేదు. 2010 ప్రాంతంలో బ్రోకర్ల సర్వర్లకు ఎక్స్ఛేంజీ ఆవరణలోనే చోటిచ్చాక అదే అసలు సంగతైంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2019 ఏప్రిల్ ఉత్తర్వు ప్రకారం, టిక్-బై-టిక్ డేటా (ప్రతి ఆర్డరూ, ప్రతి బేరమూ జరిగిన వెంటనే వచ్చే సమాచారం) అందరికీ ఒకేసారి కాక ఒకరి తర్వాత ఒకరికి వెళ్లేది. ముందుగా కనెక్ట్ అయినవారికి ముందుగా అందేది. రద్దీని సర్వర్ల మధ్య సమంగా పంచే ఏర్పాటు లేకపోవడంతో, ఏ సర్వరు ఖాళీగా ఉంటుందో కనిపెట్టినవారికి మరింత మేలు జరిగేది. ఎన్‌ఎస్‌ఈ రూ.624.89 కోట్లు 12 శాతం వడ్డీతో కట్టాలని సెబీ ఆదేశించింది.

ఎలాంటి మోసమూ జరగలేదన్నది ఎన్‌ఎస్‌ఈ వాదన. 2023 జనవరిలో అప్పీళ్ల ట్రిబ్యునల్ శాట్ ఆ వసూలును కొట్టివేసి, తగిన జాగ్రత్త తీసుకోనందుకు రూ.100 కోట్లు జమ చేయమంది. ఎక్స్ఛేంజీకీ బ్రోకరుకూ మధ్య కుమ్మక్కుకు చాలినంత ఆధారం లేదని 2024 సెప్టెంబరులో సెబీయే తేల్చింది. డేటా ఒకరి తర్వాత ఒకరికి వెళ్లిందన్న విషయం దాంతో మారిపోలేదు.

2014లో వచ్చిన మల్టీకాస్ట్ పద్ధతిలో డేటా ఆవరణలోని సర్వర్లన్నిటికీ ఒకేసారి వెళుతుంది. ఫోన్‌లో యాప్ చూసే మదుపరికి చేరేది మాత్రం ప్రతి టిక్కూ కాదు, మధ్యమధ్య ఆ క్షణానికి ఉన్న ధరలే.