పడవ చేజారితే: గోదారి ఈతగాళ్ల అపోహలు, కొండ నదుల వాస్తవాలు

కోనసీమ కుర్రాళ్లకి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నేర్పి, చెయ్యి తిరిగాక కొండ నదులకి తీసుకెళ్లడం నా పని. సామాను సర్దుకునేటప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే మాటలు వింటాను.

అపోహ: గోదారి ఒడ్డున పుట్టాం, పడవ పోతే ఈదుకుంటూ వచ్చేస్తాం.

వాస్తవం: ధవళేశ్వరం దిగాక గోదావరి, వరదలప్పుడు తప్ప, తీరిగ్గానే పోతుంది. హిమాలయ నదుల్లో నీళ్లు చలితో కొరికేస్తాయి. తెల్లటి నురుగులో గాలి ఎక్కువ, మనిషి సరిగ్గా తేలడు. వెల్లకిలా పడుకుని, పాదాలు దిగువ వైపు పైకెత్తి పెట్టుకోవాలి. సందు దొరకగానే బోర్లా తిరిగి ఒడ్డుకి గట్టిగా ఈదాలి. మనవాళ్లేమో కాలికి నేల తగలగానే నిలబడిపోతారు, లంకల్లో ఇసుక మీద అలవాటు కదా! అక్కడ రాళ్ల సందులో పాదం ఇరుక్కుందంటే నడుం లోతు నీళ్లే మనిషిని ముందుకి పడదోసి ముంచేస్తాయి. బోల్తా పడ్డ పడవకి దిగువన కూడా ఉండొద్దు. రెండొందల లీటర్ల నీళ్లు నిండితే రెండు క్వింటాళ్లు. అది మిమ్మల్ని రాయికేసి నొక్కితే కదిలించేవాడు ఉండడు.

అపోహ: బోల్తా పడితేనే పడవ పోతుంది.

వాస్తవం: ఒడ్డున పెట్టిన పడవలూ పోతాయి. సముద్రం దగ్గరి భైరవపాలెం వైపు పోటు సంగతి తెలిసినవాళ్లెవరూ కట్టెయ్యకుండా పడవ దిగరు. అదే మనుషులు కొండల్లోకి వెళ్తే 'ఇక్కడ సముద్రం ఎక్కడిది' అని ఇసుక మీద వదిలేస్తారు. పగటి ఎండకి మంచు కరిగితే ఆ నీళ్లు సాయంత్రానికో రాత్రికో దిగువకి వస్తాయి. పైన డ్యామ్ ఉంటే చెప్పక్కర్లేదు. బాగా మిట్టకి మోసుకెళ్లి చెట్టుకి కట్టండి.

అపోహ: అన్నీ డ్రై బ్యాగ్‌లో (నీళ్లు చొరబడని సంచిలో) ఉన్నాయి, టెన్షన్ లేదు.

వాస్తవం: ఆ బ్యాగ్ ఉండేది పడవలోనే కదండీ! పడవ పోయాక మీకు మిగిలేది లైఫ్ జాకెట్ జేబులో ఉన్నదే. విజిల్, కత్తి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన లైటర్, ఒంటి వేడి పోకుండా కప్పుకునే, మడతపెట్టిన పల్చటి రేకు దుప్పటి, నీటి శుద్ధి మాత్రలు, మ్యాప్ ముక్క, రెండు వేరుశనగ అచ్చులు. పూతరేకులు తెస్తామన్నవాళ్లూ ఉన్నారు, తడిస్తే నోట్లోకి వెళ్లేదాకా కూడా ఆగవు. వంట గిన్నె, మందుల పెట్టె, తాడు ఒకే పడవలో వేయొద్దు. శాటిలైట్ ఫోన్ ఆలోచన వస్తే, మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది వాడటం నేరమని గుర్తుంచుకోండి.

అపోహ: దిగువకి నడుస్తూ పోతే ఏదో ఒక ఊరు తగులుతుంది.

వాస్తవం: గౌతమి గట్టు మీదైతే తగులుతుంది. అరుణాచల్‌లో ట్యూటింగ్ నుంచి పాసీఘాట్ దాకా సియాంగ్ లాంటి నదిలో దిగితే, చాలాచోట్ల నీళ్లని ఆనుకుని నడవడానికి దారే ఉండదు. దారి పైన కొండ వాలులో ఉంటుంది, అదీ ఒక్కోసారి అవతలి ఒడ్డున. అందుకే బయల్దేరే ముందే ఏ రోజు ఏ ఒడ్డున రోడ్డుందో, వేలాడే వంతెన ఎక్కడుందో మ్యాప్‌లో గుర్తు పెట్టిస్తాను. జట్టు రెండు ఒడ్లకీ చీలిపోతే విజిల్ మూడుసార్లు, ఆగి మళ్లీ మూడుసార్లు. నీటి హోరులో కేకలు వినపడవు.

ప్రయాణానికి ముందు ఓ సాయంత్రం పడవల్ని ఒడ్డునే ఉంచేసి, అందరినీ జాకెట్లతో పాయలో దూకిస్తాను. తడి బట్టలతోనే ఇసుక తిన్నె ఎక్కి, జేబులో ఉన్నవాటితో మంట రాజేయాలి. ఎవరి లైటర్ తడిసిందో అక్కడే తెలిసిపోతుంది.