బైక్ ఇంజిన్ వార్మప్: అపోహలు - వాస్తవాలు

పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, స్టాండు మీదే ఐదు నిమిషాలు నడవనిచ్చి, మధ్యలో నాలుగుసార్లు రేజ్ చేసి అప్పుడు బయల్దేరేవాళ్లు చాలామంది. బండి మీద ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ ఐదు నిమిషాల్లో నాలుగు దండగ, ఆ రేజింగ్ అయితే అచ్చంగా నష్టమే. అలాగని స్టార్ట్ అయిన మరుక్షణం లాగించేయడం కూడా తప్పే.

అపోహ: ఐదు నిమిషాలు ఆగితే గానీ ఆయిల్ పైదాకా ఎక్కదు.

వాస్తవం: ఆయిల్ పంపు క్రాంక్‌తో (పిస్టన్ తిప్పే ఇరుసు) పాటే తిరుగుతుంది. సరైన గ్రేడు ఆయిల్ సరైన మట్టంలో ఉంటే, అది ఇంజిన్ పైభాగంలో వాల్వులను కదిలించే క్యామ్‌షాఫ్ట్ దాకా చేరడానికి కొన్ని సెకన్లు చాలు. ఆయిల్ ప్రెజర్ లైటు ఉన్న బండ్లలో ఇంజిన్ అందుకోగానే ఆ లైటు రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఎంతసేపు వార్మప్ చేసినా లాభం లేదు, వెంటనే ఆపి కారణం చూడాలి.

ఆయిల్ చేరడం ఒకటి, పలచబడడం ఇంకొకటి. 20డబ్ల్యూ-50 లాంటి ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పటికంటే 40 డిగ్రీల దగ్గర సుమారు ఎనిమిది రెట్లు చిక్కగా ఉంటుంది. చలి పెరిగేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దాన్ని వేడెక్కించాలంటే ఇంజిన్ పని చేయాలి. ఐడ్లింగ్‌లో (థ్రాటిల్ తిప్పకుండా ఊరికే నడుస్తున్నప్పుడు) కాలే పెట్రోలు తక్కువ, పుట్టే వేడీ తక్కువే. పైగా చల్లని ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ కలిసిన మిశ్రమం కావాలి. ఆ పెట్రోలంతా ఆవిరి కాదు. కొంత సిలిండర్ గోడ మీద పడి అక్కడి ఆయిల్ పొరను కడిగేస్తుంది, రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. మనం త్వరగా దాటించాల్సిన దశను స్టాండు మీద నిలబెట్టి సాగదీస్తున్నామన్నమాట.

కాబట్టి మామూలు వాతావరణంలో 30 సెకన్ల నుంచి ఒక నిమిషం చాలు. హెల్మెట్, గ్లవ్స్ పెట్టుకునేలోపు అయిపోతుంది. గడ్డకట్టే చలిలో రెండు నిమిషాలు ఆగండి. మిగతా వార్మప్ అంతా రోడ్డు మీద, నెమ్మదిగా.

అపోహ: రేజ్ చేస్తే ఇంజిన్ తొందరగా వేడెక్కుతుంది.

వాస్తవం: పిస్టన్ తొందరగా వేడెక్కుతుంది, సిలిండర్ కాదు. చిక్కంతా అక్కడే. పిస్టన్ అల్యూమినియంది, మంట నేరుగా దాని నెత్తి మీదే పడుతుంది. పోత ఇనుముతో పోలిస్తే అల్యూమినియం ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది. పిస్టన్‌కూ బోరుకూ (సిలిండర్ లోపలి గోడ) మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. బోరు ఇంకా చల్లగా ఉండగా పిస్టన్ ఉబ్బితే ఆ ఖాళీ మూసుకుపోయి గీతలు పడతాయి. టూ స్ట్రోక్ ఇంజిన్లలో, ముఖ్యంగా వాటర్ కూల్డ్ వాటిలో, ఇది ముదిరి పిస్టన్ పట్టేస్తుంది. దీన్నే కోల్డ్ సీజర్ అంటారు. అందుకే టూ స్ట్రోక్ బండికి మాత్రం కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి, సిలిండర్ చేతికి గోరువెచ్చగా తగిలేదాకా.

అపోహ: ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి ఇవేవీ అక్కర్లేదు.

వాస్తవం: ఇంజెక్షన్ వచ్చి తీసేసింది చల్లని ఇంజిన్‌కు పెట్రోలు పాలు పెంచే చోక్ లివర్‌ను మాత్రమే. ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) టెంపరేచర్ సెన్సర్ చూసి పెట్రోలు పెంచుతుంది, ఐడ్లింగ్ ఆర్‌పీఎం కూడా కాస్త ఎక్కువగా ఉంచుతుంది. లోపలి ఆయిల్, లోహం ఏ బండిలోనైనా ఒక్కటే. కార్బురేటర్ బండిలో ఆ పని మన చేతిలో ఉంటుంది: చోక్ పూర్తిగా లాగి స్టార్ట్ చేసి, ఆర్‌పీఎం పెరగగానే సగానికి దించి, ఆగిపోకుండా నడుస్తోందంటే పూర్తిగా తీసేయాలి. తీయడం మరిచిపోతే ప్లగ్గుకు పొడిగా నల్లటి మసి పడుతుంది, బండి తడబడుతుంది, డిప్ స్టిక్ దగ్గర ఆయిల్‌కు పెట్రోలు వాసన వస్తుంది. ఆ వాసన గట్టిగా ఉంటే ఆయిల్ మార్చేయండి, పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు నిలవవు.

అపోహ: టెంపరేచర్ గేజ్ లేచింది, ఇక ఫుల్లుగా లాగొచ్చు.

వాస్తవం: ఆ గేజ్ చెప్పేది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీరు) సంగతి. సుమారు 80 డిగ్రీల దాకా, ఆ నీటిని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వు మూసుకునే ఉంటుంది, అందుకే ఇంజిన్‌లో ఉన్న ఆ కొద్ది నీరు చకచకా వేడెక్కుతుంది. ఆయిల్ చాలా వెనకబడి ఉంటుంది. ఎయిర్ కూల్డ్ బండ్లలో చాలావాటికి గేజే ఉండదు. అందుకే దూరాన్ని లెక్క పెట్టుకోవడం మేలు. మొదటి 5 కిలోమీటర్లు రెడ్‌లైన్‌లో (ఇంజిన్ తిరగగలిగే గరిష్ఠ ఆర్‌పీఎం) సగం దాటొద్దు: 9,000 ఆర్‌పీఎం రెడ్‌లైన్ ఉంటే 4,500 లోపు. తర్వాతి 5 కిలోమీటర్లలో కొంచెం కొంచెంగా పెంచండి.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆర్‌పీఎం తక్కువ ఉండాలని టాప్ గేరులో వేసి, థ్రాటిల్ తిప్పి, ఇంజిన్ గుద్దుకుంటున్నా ఈడుస్తారు. అప్పుడు బేరింగుల మీద భారం ఎక్కువ, పంపు తిరిగే వేగం తక్కువ. అంతకంటే ఒక గేరు దించి, థ్రాటిల్ తక్కువ తిప్పడమే సరి.

చల్లగా ఉన్నప్పుడు ఫస్ట్ గేరు వేస్తే 'టక్'మని బండి ముందుకు గెంతడం చూసే ఉంటారు. ఆయిల్‌లో తడిసే క్లచ్ ప్లేట్లు రాత్రంతా ఒకదానికొకటి అతుక్కుని ఉండడమే కారణం. ఇంజిన్ ఆపి ఉండగానే గేరులో వేసి, క్లచ్ పట్టుకుని బండిని రెండడుగులు ముందుకూ వెనక్కీ తోస్తే విడిపోతాయి.

టైర్లు, చైను, ఫోర్క్ ఆయిల్, వీల్ బేరింగులు స్టాండు మీద ఎంతసేపున్నా వేడెక్కవు. టైర్ల కోసమని రోడ్డు మీద పాములా తిప్పడం ప్రమాదం, ఉపయోగమూ పెద్దగా లేదు. తిన్నగా వెళుతూ నిదానంగా వేగం పెంచడం, బ్రేకు వేయడం వల్లే టైరు వేడెక్కుతుంది.

అపోహ: వాడని బండిని వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచాలి.

వాస్తవం: ఇంజిన్లను పాడుచేసే అలవాట్లలో ఇదొకటి. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ బాగా వేడిగా ఉంటే అది ఆవిరిగా బయటికి పోతుంది. పది నిమిషాల ఐడ్లింగ్‌లో సైలెన్సర్‌లోనే చెమ్మగా నిలిచి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత ఆయిల్‌లో చేరుతుంది. ఆయిల్ మూత కింద పాలమీగడలా కనిపించేది అదే. బ్యాటరీకీ మేలు లేదు: సెల్ఫ్ స్టార్టర్ లాగేసిన ఛార్జీని తిరిగి నింపేంత కరెంటు చాలా బండ్లలో ఐడ్లింగ్‌లో రాదు.

వారానికోసారి తీయదలిస్తే 15-20 కిలోమీటర్లు నడిపి రండి. అది కుదరకపోతే స్టార్ట్ చేయకుండా వదిలేయడమే మంచిది. నెలల తరబడి నిలపాల్సి వస్తే ముందే ఆయిల్ మార్చి, ట్యాంకు నిండుగా నింపి, కార్బురేటర్ ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు వంపేసి, బ్యాటరీ విప్పి విడిగా ఛార్జింగ్ పెట్టండి.

అపోహ: షెడ్డు తలుపు తెరిచే ఉందిగా, లోపలే వార్మప్ చేయొచ్చు.

వాస్తవం: చల్లని ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనిచేయాలంటే అది 250-300 డిగ్రీలకు వేడెక్కాలి, అందాకా పొగ శుద్ధి కాదు. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. ముందుగా తెలిసేది తలనొప్పి, కళ్లు తిరగడం. బండిని బయటికి తోసుకొచ్చాకే స్టార్ట్ చేయండి.