సెకండ్ హ్యాండ్ లగ్జరీ సెడాన్‌కి టైర్లు, రిమ్ములు: అపోహలు – వాస్తవాలు

సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూనో బెంజో ఆడీనో కొని మా షాపుకి వచ్చేవాళ్లు చాలామంది దిగీ దిగగానే అనే మాట ఒకటే: "అన్నా, ఇప్పుడున్న సైజే వేసెయ్." నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే. ఇప్పుడున్నది కంపెనీ ఇచ్చిందా, మొదటి ఓనర్ మోజుపడి మార్చిందా, లేక అమ్మకానికి పెట్టే ముందు ఎవరో చవకలో దొరికింది తగిలించిందా? కారు కొన్నాయనకి తెలియదు, నాకూ తెలియదు. హైదరాబాద్ మియాపూర్‌లో పదహారేళ్లుగా టైర్లు, అలైన్‌మెంట్ పని చేస్తున్నాను. రోజూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కారుకి ఏది ఉందో అదే దాని సైజు

కాదు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క పిల్లర్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. బెంజ్‌లో అయితే డీజిల్ మూత తెరిచి లోపలివైపు చూడండి. ఆ కారుకి నప్పే సైజులు, ఎంత గాలి కొట్టాలో దాని మీద ఉంటాయి. టైరు కంటే ముందు దాన్ని చదవాలి.

ఈమధ్య ఒకాయన 2015 మోడల్ బీఎండబ్ల్యూ 320డి తెచ్చారు. కొని రెండు నెలలు. అప్పటికే రెండు టైర్లకి పక్కన కోడిగుడ్డంత ఉబ్బు. రిమ్ములు 19 అంగుళాలు, టైరు 225/40. స్టిక్కర్‌లో 19 అన్న మాటే లేదు. అక్కడే కాగితం తీసి లెక్క వేసి చూపించాను. స్టిక్కర్‌లోని 225/50 ఆర్17 అంటే 17 అంగుళాల రిమ్ముకి పట్టే టైరు, వెడల్పు 225 మిల్లీమీటర్లు. అందులో 50 శాతం, అంటే 112 మిల్లీమీటర్లు పక్క గోడ ఎత్తు. 225/40 ఆర్19లో అదే గోడ 90. చక్రం మొత్తం ఎత్తు చూస్తే 17కి దాదాపు 657 మిల్లీమీటర్లు, 19కి దాదాపు 663. అంటే కారు లేచింది మూడు మిల్లీమీటర్లే. రిమ్ము పెరిగిందంతా రబ్బరుని తినేసి పెరిగింది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ కాచుకోవాల్సిన రబ్బరు రెండు సెంటీమీటర్లకు పైగా తగ్గిపోయింది. ఇక టైరు ఉబ్బక ఏం చేస్తుంది?

చూడ్డానికి 19 బాగుంటుంది, కాదనను. కానీ మన రోడ్ల మీద ఆ కారుకి నా ఓటు 17కే.

దీనికి రివర్స్ కేసులూ వస్తాయి. స్పీడ్ బ్రేకర్‌కి కింద తగులుతోందని 225/55 ఆర్17 అడుగుతారు. చక్రం ఎత్తు మూడు శాతానికి పైగా పెరుగుతుంది, కారు లేచేది మాత్రం 11 మిల్లీమీటర్లే. మీటర్ 100 చూపించేటప్పటికి బండి అంతకుముందు కంటే మూడు కిలోమీటర్ల పైన ఎక్కువ స్పీడులో ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి ప్లాస్టిక్‌కి రాసుకోవచ్చు కూడా. ఆ 11 మిల్లీమీటర్ల కోసం ఇంత గొడవ దండగ.

అపోహ: ఐదు బోల్టులూ పడితే రిమ్ము సరిపోయినట్టే

రిమ్ముల విషయంలో నాకు అన్నిటికంటే భయం పుట్టించే మాట ఇది. ఐదు రంధ్రాల మధ్య కొలత సరిపోవడం మొదటి మెట్టు మాత్రమే. నడిమి రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత), బోల్టు మరలు, బోల్టు తల కూర్చునే గుంట కూడా కలవాలి.

2019 వరకు వచ్చిన బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ (కంపెనీ కోడ్ ఎఫ్30)కి రంధ్రాల కొలత 5×120, అంటే ఐదు రంధ్రాల మీదుగా గీసిన వృత్తం అడ్డం 120 మిల్లీమీటర్లు. ఆ తర్వాత వచ్చిన జీ20కి 5×112. రెండూ త్రీ సిరీసే, బ్యాడ్జి కూడా ఒకటే. ఆన్‌లైన్‌లో "త్రీ సిరీస్ ఒరిజినల్ అల్లాయ్స్" అని చూసి డబ్బు కట్టేశాక మా దగ్గరికి వచ్చి తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంతకంటే చిక్కైన కేసు ఇంకోటి. జీ20 ఉన్న ఒక కుర్రాడు బెంజ్ సీ క్లాస్ రిమ్ములు కొనుక్కొచ్చాడు. బెంజ్‌దీ 5×112నే. నడిమి రంధ్రం కూడా రెంటికీ 66.5 మిల్లీమీటర్ల దగ్గరే. చేత్తో పెడితే చక్కగా కూర్చుంది. "ఎక్కుతోంది కదా అన్నా" అన్నాడు. నేను బీఎండబ్ల్యూ బోల్టు తల కింది భాగానికి మార్కర్ రాసి, బిగించి, విప్పి చూపించాను. మొత్తం చెరిగిపోవాల్సిన రంగు దారమంత సన్నగా ఒక్క గీత మేర మాత్రమే చెరిగింది. బెంజ్ రిమ్ములో బోల్టు కూర్చునే గుంట గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. బీఎండబ్ల్యూ బోల్టు తల కిందేమో గరాటులా ఏటవాలుగా ఉంటుంది. రెండూ కలిసేది ఆ ఒక్క గీత మీదే. హైవే మీద చక్రం మొత్తం ఆ గీత మీదే వేలాడాలన్నమాట. పోనీ బెంజ్ బోల్టులే వాడదామా అంటే మరలు వేరు: బెంజ్‌వి 14×1.5, బీఎండబ్ల్యూవి 14×1.25 (బోల్టు లావు, మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో). చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లకే ఆగిపోతుంది. బోల్టులు బిగించే గన్ పెట్టి దూర్చితే హబ్ (కారుకి చక్రం బిగించే భాగం) మరలు పోతాయి.

ఆ కుర్రాడు రిమ్ములు వెనక్కి పట్టుకెళ్లాడు. నా మీద కోపంగానే వెళ్లాడనుకోండి.

నడిమి రంధ్రం పెద్దదైతే వచ్చే తంటా వేరు. ఎఫ్30 హబ్ 72.6 మిల్లీమీటర్లు. బయట దొరికే రిమ్ములు చాలావాటికి అన్ని కార్లకీ పట్టాలని రంధ్రం పెద్దదిగా చేస్తారు. మధ్యలో ఖాళీ పూడ్చడానికి హబ్ రింగ్ వేయాలి. అది లేకుండా బిగిస్తే చక్రం వెంట్రుకవాసి పక్కకి కూర్చుంటుంది. 90 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు, ఎందుకంటే లోపం టైరులో లేదు. పైన చెప్పిన 320డిలో ఉన్నదీ ఇదే: నాలుగింటిలో రెండు చక్రాలకి రింగే లేదు.

అపోహ: బీఎండబ్ల్యూకి రన్‌ఫ్లాట్ తప్ప ఇంకోటి వేయకూడదు

వేయొచ్చు. రన్‌ఫ్లాట్ అంటే గాలి పోయినా కొంతదూరం నడిచే గట్టి గోడల టైరు. దానికోసం చేసిన రిమ్ము మీద మామూలు ట్యూబ్‌లెస్ టైరు బాగానే కూర్చుంటుంది. పక్క గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి గతుకుల్లో హాయిగా కూడా ఉంటుంది. ధర తక్కువ. అయితే షరతులున్నాయి. మారిస్తే నాలుగూ మార్చాలి. ముందు రెండు రన్‌ఫ్లాట్, వెనక రెండు మామూలివి అంటే నేను వేయను. డిక్కీలో చాలా మోడళ్లకి స్టెప్నీ ఉండదు, కాబట్టి పంక్చర్ కిట్, గాలి కొట్టే చిన్న కంప్రెసర్ ఉండి తీరాలి. పంక్చర్ రంధ్రంలో రబ్బరు స్ట్రిప్ పెట్టడం కూడా ఒకసారి నేర్చుకోండి.

"రన్‌ఫ్లాట్ ఉంటే పంక్చర్ గురించి దిగులే అక్కర్లేదు" అనేది కూడా అపోహే. గాలి పోయాక సాధారణంగా 80 కిలోమీటర్ల స్పీడు మించకుండా 80 కిలోమీటర్ల దూరం వెళ్లొచ్చు, అంతే. అంతకు మించి నడిపితే లోపలి గోడ నలిగి పొడి పొడిగా రాలుతుంది. టైరు విప్పితే లోపల నల్లటి రవ్వలా కనిపిస్తుంది. ఆ టైరుకి ఇక పంక్చర్ వేయకూడదు, పారేయాలి. ఇంకో సంగతి, రన్‌ఫ్లాట్ గోడ గట్టిది కాబట్టి గాలి పోయినా చూడ్డానికి నిండుగానే ఉంటుంది. చెప్పేది డాష్‌బోర్డ్ మీది హెచ్చరిక ఒక్కటే. సెకండ్ హ్యాండ్ కారులో ఆ హెచ్చరిక అసలు పనిచేస్తోందా అని ముందు చూసుకోండి.

కారు మీద ఏది ఉందో గుర్తుపట్టడం సులువే. టైరు పక్కన రాసి ఉంటుంది. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జెడ్‌పీ, కాంటినెంటల్ అయితే ఎస్ఎస్ఆర్, గుడ్‌ఇయర్ అయితే ఆర్ఓఎఫ్. బెంజ్ కోసం చేసిన రన్‌ఫ్లాట్ మీద ఎంఓఈ అని ఉంటుంది.

ఏది మేలు అంటే, కారు ఎక్కువగా ఊళ్లోనే తిరిగితే మామూలివి వేసుకోమంటాను. రాత్రిళ్లు ఒంటరిగా విజయవాడ హైవే ఎక్కేవాళ్లని మాత్రం రన్‌ఫ్లాట్‌లోనే ఉండమంటాను. సూర్యాపేట దాటాక అర్ధరాత్రి కారు పక్కకి ఆపి స్ట్రిప్ పెట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు.

అపోహ: నక్షత్రం గుర్తు లేని టైరు వేస్తే డూప్లికేట్ వేసినట్టే

బీఎండబ్ల్యూకి నక్షత్రం, బెంజ్‌కి ఎంఓ, ఆడీకి ఏఓ. ఆ కార్ల కంపెనీలతో కలిసి, వాటి మోడళ్ల కోసం ట్యూన్ చేసిన టైరు అని ఆ గుర్తుకి అర్థం. దొరికితే మంచిదే. దొరక్కపోతే అదే సైజులో, సరైన లోడ్ నంబరుతో మంచి టైరు వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టిన తర్వాత కొన్ని సైజులకి వారాల తరబడి ఎదురుచూసిన రోజులున్నాయి. నక్షత్రం కోసం పట్టుబట్టి నాలుగేళ్ల పాత స్టాక్ కొనుక్కున్నవాళ్లనీ చూశాను.

అపోహ: గ్రిప్పు ఉంది కాబట్టి టైరు మంచిదే

లగ్జరీ కార్లు తిరిగేది తక్కువ. ఎనిమిదేళ్ల కారుకి ముప్పై వేల కిలోమీటర్లు అంటే గ్రిప్పు కనిపిస్తూనే ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండి రాయి అయి ఉంటుంది. పక్కన డాట్ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం. ఒక్కోసారి అది లోపలివైపే ఉంటుంది, ఫోన్ కెమెరా కింద నుంచి పెట్టి తీయాలి. గ్రిప్పు ఎంత ఉన్నా ఆరేళ్లకి మార్చేయమని బీఎండబ్ల్యూ మాన్యువల్ చెబుతుంది. 1.6 మిల్లీమీటర్ల గ్రిప్పు లోతు అనేది చట్టం పెట్టిన అడుగు గీత. వానాకాలంలో నేనైతే 3 దగ్గరే మార్చేస్తాను. అమ్మేవాళ్లు టైర్లకి నల్ల పాలిష్ కొడతారు, పగుళ్లు దాని కింద దాక్కుంటాయి. తడిబట్టతో ఒకసారి తుడిచి చూడండి.

అపోహ: సైజు పక్కనుండే 94డబ్ల్యూ, 98వై ఎవరికి కావాలి?

కారుకి కావాలి. 94 అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోస్తుంది, 98 అంటే 750. సైజు అదే అయినా మోసే బరువు వేరు. స్టిక్కర్‌లో ఉన్న అంకె కంటే తక్కువది వేయకండి. వి అంటే గంటకి 240, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్ల స్పీడుని తట్టుకునేది. "మనం 240లో వెళ్తామా" అని నవ్వుతారు. ఆ అక్షరం టైరు వేడిని ఎంత తట్టుకుంటుందో కూడా చెబుతుంది. మే నెలలో మధ్యాహ్నం ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 120లో గంటసేపు వెళ్తే ఆ వేడి ఏంటో టైరుకి తెలుస్తుంది.

అపోహ: రెండే కొంటే ముందు వేయాలి

వెనక వేయాలి. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మళ్లీ దారికి వస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరిగిపోతుంది. వెనక 255, ముందు 225 ఉన్న కార్లలో ఈ ఎంపికే ఉండదు, ఏది అరిగితే దానికే. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే క్వాట్రో, ఎక్స్‌డ్రైవ్ కార్లలో మాత్రం రెండు కొత్తవి, రెండు బోడివి పెట్టకండి. ఆ తేడాని గేర్లు, క్లచ్ ప్లేట్లు భరించాల్సి వస్తుంది. అది టైరు కంటే చాలా పెద్ద బిల్లు.

అపోహ: రిపేరు చేసిన అల్లాయ్ కొత్తదానితో సమానం

కొంచెం వంగినదాన్ని సరిచేస్తే నడుస్తుంది. పగులుకి వెల్డింగ్ పెట్టినదాన్ని నా షాపులో ఎక్కించను. వాడిన రిమ్ములు కొనేటప్పుడు అందరూ ముందు వైపు మెరుపు చూస్తారు. దెబ్బ తగిలేది లోపలి అంచుకి. తిరగేసి, లోపలి గుండ్రంలో గోటితో గీస్తూ వెళ్లండి. ఎక్కడైనా పెయింటు కింద గట్టులా తగిలితే అది వెల్డింగ్ అయ్యే అవకాశం ఎక్కువ. తర్వాత టైరు లేకుండా బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పించండి, అంచు ఊగితే కంటికే తెలుస్తుంది.

అచ్చం ఒరిజినల్‌లా కనిపించే కొత్త కాపీ రిమ్ము కంటే, వంకర లేని పాత ఒరిజినలే నా లెక్కలో మేలు. దాని వెనక 7.5జె×17, ఈటీ37 అని సైజు, ఆఫ్‌సెట్, పార్ట్ నంబరు ఉంటాయి. మధ్యలో లోగో మూత ఎవరైనా పెట్టేయగలరు.

అపోహ: ఎండాకాలంలో గాలి తగ్గించాలి, నైట్రోజన్ అయితే చూసుకోనక్కర్లేదు

గాలి తగ్గిస్తే టైరు ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కుతుంది. స్టిక్కర్‌లో చెప్పినంత, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, నెలకోసారి చూసుకోవాల్సిందే.

అపోహ: టైరు వేయించాక పని అయిపోయినట్టే

కొత్త టైర్లు వేశాక ప్రెషర్ హెచ్చరికని రీసెట్ చేయాలి. బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బిగించామో కొలిచే పానాతో) బిగించాలి, ఆ బిగింపు ఈ కార్లకి మోడల్‌ని బట్టి 120 నుంచి 150 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గన్‌తో దడదడలాడించి పంపిస్తే, రేపు రోడ్డు మీద డిక్కీలో ఉన్న బుల్లి పానాతో అవి ఊడి రావు. వంద కిలోమీటర్లలోపు ఒకసారి వచ్చి మళ్లీ చెక్ చేయించుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు అయితే ఇంకొకటి. చాలావాటికి ఒక్కో చక్రానికి ఒక లాక్ బోల్టు ఉంటుంది, దాన్ని విప్పడానికి బొటనవేలంత తాళం ముక్క. కారు కొనేరోజే డిక్కీ కింద టూల్ కిట్‌లో అది ఉందో లేదో చూడండి. లేకపోతే పాత ఓనర్‌కి ఆ రోజే ఫోన్ చేయండి. ఆ ముక్క దొరక్క బోల్టు తలలు డ్రిల్ చేసి తీసిన కార్లు మా షాపులోనే మూడు నాలుగు ఉన్నాయి. ఒకదానికి అయితే టైరు మార్చడానికి గంట పట్టింది, ఆ నాలుగు బోల్టులు ఊడదీయడానికి పూట గడిచిపోయింది.