మోషన్ సెన్సర్ లైట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: గదిలో మనిషి ఉన్నంతసేపూ లైటు వెలుగుతుంది.

వాస్తవం: బజారులో దొరికేవి ఎక్కువగా పీఐఆర్ (పాసివ్ ఇన్‌ఫ్రారెడ్) రకం. వాటికి తెలిసేది మనిషి కాదు, ఒంటి వేడి చోటు మారడం. ముందున్న తెల్ల ప్లాస్టిక్ బుడిపె చిన్న చిన్న కటకాల గుత్తి. లోపల వేడిని పసిగట్టే గళ్లు రెండుంటాయి. రెండింటికీ వేడి ఒకేసారి తగిలితే లెక్క చెల్లు, ఒకదాని తర్వాత ఒకటి తగిలితేనే లైటు. బాత్‌రూమ్‌లో కదలకుండా కూర్చుంటే చీకటైపోయేది అందుకే. అక్కడ టైమర్ 5 నుంచి 10 నిమిషాలకు పెట్టండి. లేదంటే ఎల్‌డీ2410 లాంటి 24 గిగాహెర్ట్జ్ రాడార్ సెన్సర్ వాడండి, అది ఊపిరికి ఛాతీ కదిలినా పసిగడుతుంది. కాకపోతే తిరిగే ఫ్యానూ, ఊగే కర్టెనూ కూడా దాని లెక్కలో మనుషులే.

అపోహ: నడిచొచ్చే దారికి ఎదురుగా బిగిస్తే బాగా పసిగడుతుంది.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. ఎదురొచ్చే మనిషి చాలా దగ్గరికొస్తేగానీ పీఐఆర్‌కి తెలియదు, అడ్డంగా దాటితే వెంటనే తెలుస్తుంది. మెట్లకైతే పక్క గోడకు, రెండు రెండున్నర మీటర్ల ఎత్తున బిగించండి. కిటికీ లోపల పెట్టి గేటు కాపలా కాయిద్దామంటే కుదరదు. ఒంటి వేడి కిటికీ అద్దం దాటదు.

అపోహ: ఎండాకాలం సరిగా పట్టకపోతే సెన్సర్ పాడైనట్టే.

వాస్తవం: మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల రాత్రి పొద్దుపోయినా గోడలు కాలుతూనే ఉంటాయి. గోడ వేడి 33-35 డిగ్రీల దగ్గరుంటే చర్మం వేడికీ దానికీ తేడా ఉండదు, సెన్సర్‌కి మనిషి గోడలో కలిసిపోతాడు. సెన్సిటివిటీ కాస్త పెంచండి, వానలు పడ్డాక తగ్గించండి. తగ్గించకపోతే బుడిపె మీద బల్లి పాకినా లైటే.

అపోహ: ఉన్న స్విచ్ తీసి అక్కడే బిగిస్తే చాలు.

వాస్తవం: మూడు వైర్ల సెన్సర్‌కి న్యూట్రల్ కావాలి. చాలా ఇళ్ల స్విచ్ బాక్సులో అది ఉండదు. రెండు వైర్ల రకం తనకు కావలసిన కరెంటును బల్బు గుండానే లాక్కుంటుంది, అందుకే 5 వాట్ల ఎల్ఈడీ ఆర్పినా మిణుకు మిణుకుమంటుంది. తేలిక మార్గం హోల్డర్ దగ్గరే బిగించడం: స్విచ్ నుంచి వచ్చే ఫేజూ, న్యూట్రలూ రెండూ అక్కడుంటాయి. ముందు మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి.

అపోహ: కరెంటు బిల్లు సగమవుతుంది.

వాస్తవం: మెట్ల దగ్గర 9 వాట్ల బల్బు రాత్రి 12 గంటలు వెలిగితే నెలకు 3.2 యూనిట్లు. సెన్సర్‌తో గంటే వెలిగినా, సెన్సర్ తినే అర వాటు కలిపితే 0.6. మిగిలేది రెండున్నర యూనిట్లు! దీన్ని పెట్టుకోవాల్సింది బిల్లు కోసం కాదు, రాత్రిపూట లేచే పెద్దవాళ్ల కోసం.

అందుకు మంచం కింది లైటును మించింది లేదు. కావలసినవి: హెచ్‌సీ-ఎస్ఆర్501 అనే పీఐఆర్ మాడ్యూలు, 12 వోల్టుల అడాప్టరు, మీటరు పొడవు వార్మ్ వైట్ ఎల్ఈడీ స్ట్రిప్పు, 3.3 వోల్టులకే పనిచేసే లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (సంకేతం అందితే కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) ఒకటి. మాడ్యూలు 12 వోల్టులను నేరుగా తీసుకుంటుంది గానీ బయటికిచ్చేది 3.3 వోల్టుల సంకేతమే. స్ట్రిప్పును నేరుగా దానికి తగిలిస్తే వెలగదు, మధ్యలో మాస్‌ఫెట్ ఉండాల్సింది అందుకే. మాడ్యూలును మంచం పట్టె లోపల నేలవైపు తిప్పి బిగిస్తే పాదాలు నేలకు ఆనినప్పుడే లైటు వెలుగుతుంది, పక్క మీద దొర్లితే వెలగదు. బోర్డు మీది జంపర్‌ను (చిన్న తొడుగు) 'హెచ్' వైపు పెట్టి, అంటే కదలిక ఉన్నంతసేపూ వెలిగేలా చేసి, సమయం అర నిమిషానికి తిప్పండి. బోర్డు మీది ఖాళీ కన్నాల్లో ఎల్‌డీఆర్ (వెలుతురును పసిగట్టే చిన్న భాగం) అతికిస్తే పగలు వెలగదు.

కరెంటు పోయి వచ్చాక మొదటి నిమిషం ఊరికే వెలిగి ఆరుతుంటే విప్పి చూడకండి. గది వేడికి అలవాటు పడటానికి దానికి ఆ మాత్రం సమయం పడుతుంది.