డిస్నీ వరల్డ్ లోపలే బస: ఉచిత బస్సు ఆగాక మొదలైన లెక్కలు

2025 మే 22న అమెరికాలోని ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ల కొత్త వినోద పార్కు ఎపిక్ యూనివర్స్ తెరుచుకుంది. దాంతో ఒక పాత వాదన మళ్లీ రాజుకుంది. ఆ దగ్గర్లోనే నాలుగు పార్కులున్న డిస్నీ వరల్డ్ చూడబోయేవాళ్లు డిస్నీ సొంత హోటల్లోనే దిగాలా, బయట తక్కువ అద్దెకు గది తీసుకుని కారులో వెళ్లి రావాలా? లోపలే ఉండాలనేవాళ్లు పొద్దున్నే అందరికన్నా అరగంట ముందు పార్కులోకి వెళ్లే వీలును, రైడ్ల ముందస్తు బుకింగును చూపిస్తారు. బయట ఉండాలనేవాళ్లు గది అద్దెను, దానిపై పడే 12.5 శాతం పన్నును చూపిస్తారు. రెండు పక్షాలూ ఇవాళ్టి సౌకర్యాల జాబితా చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ జాబితా ఇలా ఎందుకు తయారైందో అర్థం కావాలంటే 2022ను చూడాలి.

వాల్ట్ డిస్నీ ఫ్లోరిడాలో సుమారు 27 వేల ఎకరాలు ఎందుకు కొన్నారో, కాలిఫోర్నియాలోని తన మొదటి పార్కు డిస్నీల్యాండ్ చుట్టూ మొలిచిన బయటివాళ్ల మోటళ్లు ఆయన్ని ఎంత చికాకు పెట్టాయో చాలామందికి తెలిసిన కథే. 1971 అక్టోబరు 1న పార్కుతో పాటే కాంటెంపరరీ, పాలినీషియన్ హోటళ్లు తెరిచారు. 1988లో కరీబియన్ బీచ్, 1994లో చౌక రకం ఆల్ స్టార్ హోటళ్లు వచ్చాక మధ్యతరగతి కుటుంబాలకు కూడా లోపల గది అందుబాటులోకి వచ్చింది. ఇంతవరకు గుర్తుంటే చాలు. అసలు మలుపు 2005లో ఉంది.

ఆ ఏడాది మే నెలలో డిజ్నీస్ మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ అనే బస్సు మొదలైంది. ఓర్లాండో విమానాశ్రయం నుంచి డిస్నీ హోటల్‌కు, హోటల్ నుంచి మళ్లీ విమానాశ్రయానికి ఉచితం. బస్సులు నడిపింది మియర్స్ సంస్థ. విన్నప్పుడు చిన్న సదుపాయంలాగే ఉంటుంది. అది ఎలా పనిచేసేదో చూస్తే దాని బలం తెలుస్తుంది.

ప్రయాణానికి కొన్ని వారాల ముందు ఇంటికి పసుపు రంగు లగేజీ ట్యాగులు పోస్టులో వచ్చేవి. వాటిని పెట్టెలకు కట్టి, సొంత ఊరి విమానాశ్రయంలో మామూలుగా చెక్ ఇన్ చేస్తే సరిపోయేది. ఓర్లాండోలో దిగాక లగేజీ బెల్టు దగ్గర నిలబడే పని లేదు. బి వైపు టెర్మినల్‌లో కింది అంతస్తుకు వెళితే హోటల్ వారీగా వరసలు ఉండేవి. పెట్టెలను డిస్నీ మనుషులు తీసి, కొన్ని గంటల్లో గదిలో పెట్టేవారు. రాత్రి 10 దాటాక దిగే విమానాలకు మాత్రం ఇది వర్తించదు, సామాను ఎవరిది వాళ్లే తీసుకుని బస్సెక్కాలి. తిరుగు ప్రయాణానికి ముందు రోజు బస్సు సమయం రాసిన కాగితం గదికి వచ్చేది. కొన్ని విమాన సంస్థల ప్రయాణికులు హోటల్ గుమ్మం దగ్గరే పెట్టెలు అప్పగించి బోర్డింగ్ పాసు తీసుకునేవారు.

లోపాలూ ఉన్నాయి. ఒక్కో బస్సు మూడు నాలుగు హోటళ్ల దగ్గర ఆగుతూ వెళ్లేది. చివరి హోటల్ వాళ్లకు గంటన్నర పట్టిన రోజులూ ఉండేవి. పెట్టె సాయంత్రానికి గానీ రాకపోతే పిల్లల ఈత దుస్తులు అందులోనే చిక్కుకుపోయేవి. అందుకే తెలిసినవాళ్లు మొదటి రోజుకు కావలసిన బట్టలు, మందులు చేతి సంచిలోనే పెట్టుకునేవారు. ఇన్ని చిక్కులున్నా జనం ఆ బస్సును వదలలేదు. కారణం ఒక్కటే, కారు అద్దెకు తీసుకోనక్కర్లేదు.

నా దృష్టిలో ఈ వ్యవహారానికి మూలం ఇదే. కారు లేని కుటుంబం వారం పాటు డిస్నీ బస్సుల్లో, మోనోరైల్లో, పడవల్లో తిరుగుతుంది. భోజనం లోపలే, షాపింగ్ లోపలే. ఓర్లాండోలో పర్యాటకులు తిరిగే ఇంటర్నేషనల్ డ్రైవ్ వీధి వైపుకో, యూనివర్సల్‌కో ఒక పూట వెళ్లొద్దామన్న ఆలోచన కూడా పెద్దగా రాదు. బస్సు ఖర్చు డిస్నీ భరించింది, ఆ ఖర్చుతో అతిథి వారం మొత్తాన్ని తన దగ్గర నిలుపుకుంది. అతిథికీ అది మంచి బేరమే. స్టీరింగ్ పట్టుకోని సెలవు, దారి వెతుక్కోని సెలవు, పార్కింగులో కారు ఏ వరసలో పెట్టామో గుర్తు పెట్టుకోనక్కర్లేని సెలవు. లోపల బస చేయడంలోని ఆకర్షణ గది గోడల్లో ఎప్పుడూ లేదు. చౌక రకం గది సుమారు 260 చదరపు అడుగులు, అంతకన్నా పెద్ద గది బయట తక్కువకే దొరుకుతుంది. డబ్బు ఇచ్చింది ఆ నిశ్చింతకు.

ఆ నిశ్చింత మీద మొదటి దెబ్బ 2018లో పడింది. మార్చి 21 నుంచి చేసిన బుకింగులకు, డిస్నీ హోటల్లో రాత్రి కారు నిలిపితే చౌక హోటళ్లలో 13, మధ్యరకంలో 19, ఖరీదైన వాటిలో 24 డాలర్ల చొప్పున రుసుము పెట్టారు. అంతకుముందు అది ఉచితం. అయితే బస్సు ఇంకా ఉంది కాబట్టి, కారు లేకుండా వచ్చేవాళ్లకు ఆ నొప్పి తగల్లేదు.

తర్వాత కరోనా కాలం. 2020 వేసవిలో పార్కులు మళ్లీ తెరిచినప్పుడు బస్సు ఉంది గానీ, పెట్టెలు గదికి చేర్చే సేవ తిరిగి రాలేదు. 2021 జనవరి 11న అసలు కబురు వచ్చింది: 2022 జనవరి 1 నుంచి వచ్చే అతిథులకు బస్సు ఉండదు. ప్రయాణికులకు ఇప్పుడు రవాణా మార్గాలు చాలా ఉన్నాయి, యాప్ టాక్సీలు సమయం ఆదా చేస్తాయి అన్నది సంస్థ వివరణ. భార్యాభర్తలిద్దరే చేతి సంచులతో దిగితే ఆ మాట నిజమే. ఇద్దరు పసిపిల్లలు, రెండు కారు సీట్లు, నాలుగు పెట్టెలు, ఒక తోపుడు బండితో దిగిన కుటుంబానికి మామూలు టాక్సీ సరిపోదు. పెద్ద బండి పిలవాలి, పిల్లల సీట్లు బిగించుకోవాలి, రానూ పోనూ ఖర్చు తామే పెట్టుకోవాలి. మియర్స్ సంస్థ అదే దారిలో తలకింత అని టికెట్టు పెట్టి బస్సు నడిపింది. నలుగురికి లెక్క వేసుకుంటే కొన్ని రోజుల కారు అద్దెకు అది మరీ దూరంగా ఉండదు.

ఇక్కడే 2022ను నిదానంగా చూడాలి. ఆ సంవత్సరంలో బస్సు లేదు, అందుకని చాలామంది కారు తీసుకున్నారు. కారు తీసుకున్నవాళ్లకు రాత్రి పార్కింగు రుసుము ఉంది, అప్పటికది 15, 20, 25 డాలర్లకు పెరిగింది. గది తాళంగా, పార్కు టికెట్టుగా పనిచేసే, చేతికి కట్టుకునే మ్యాజిక్ బ్యాండ్ 2021 నుంచే ఉచితం కాదు. కరోనా కాలంలో ఆగిన భోజన ప్యాకేజీ ఇంకా తిరిగి రాలేదు. అన్నిటికన్నా పెద్ద లోటు క్యూ దగ్గర. మామూలు క్యూ తప్పించుకునే పద్ధతిగా 2014 నుంచి 2020 వరకు ఉన్న ఫాస్ట్‌పాస్ ప్లస్‌లో లోపల దిగినవాళ్లు 60 రోజుల ముందు, బయటివాళ్లు 30 రోజుల ముందు రైడ్లు బుక్ చేసుకునేవారు. ఇద్దరికీ ఉచితమే. పైగా లోపలివాళ్లకు బస మొత్తం ఒకేసారి తెరుచుకునేది. ఐదో రోజుకు బుక్ చేస్తే అది 64 రోజుల ముందు చేసినట్టు. 2017లో వచ్చిన, జనం ఎగబడే రైడ్ అయిన ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌ను బస చివరి రోజుల్లో పెట్టుకోవడం అందుకే అందరికీ తెలిసిన కిటుకు అయింది. 2021 అక్టోబరు 19న ఫాస్ట్‌పాస్ ప్లస్ స్థానంలో డబ్బు కట్టి వాడుకునే జీనీ ప్లస్ వచ్చింది. తలకు రోజుకు 15 డాలర్లతో మొదలైంది, ఏడాదికి రోజును బట్టి మారే ధర అయింది. ఉదయం 7 గంటలకు లోపలివాళ్లూ బయటివాళ్లూ ఒకేసారి ఫోన్ పట్టుకుని కూర్చునేవారు. విడిగా డబ్బు కట్టి కొనే ఒకటి రెండు రైడ్లలో మాత్రమే లోపలివాళ్లకు ముందు అవకాశం.

కాబట్టి 2022లో లోపల దిగిన చాలామందికి ప్రధానంగా మిగిలింది పార్కు తెరిచే వేళకు ముందు దొరికే ఉదయం అరగంట. అదే ఏడాది కుటుంబాలు మొదటిసారి కాగితం మీద కూడికలు వేసుకోవడం మొదలుపెట్టాయి. కారు ఎలాగూ చేతిలో ఉంది, పార్కింగు రుసుము ఎలాగూ కడుతున్నాం, మరి లోపలే ఎందుకు? ఒకసారి కారు చేతికొచ్చాక యూనివర్సల్ కూడా ఒక పూట దూరంలోనే కనిపిస్తుంది. ఇప్పుడు ఎపిక్ యూనివర్స్ వైపు వెళుతున్న దారి ఆ సంవత్సరంలోనే పడింది.

దిద్దుబాటు మెల్లగా జరిగింది. 2022 నవంబరులో పాత అధిపతి బాబ్ ఐగర్ మళ్లీ డిస్నీ పగ్గాలు చేపట్టారు, 2023 జనవరి 10న హోటళ్లలో రాత్రి పార్కింగు తిరిగి ఉచితం చేశారు. 2024 జనవరి 9న భోజన ప్యాకేజీ వచ్చింది. 2024 జులై 24న జీనీ ప్లస్ స్థానంలో లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ వచ్చింది. లోపల దిగేవాళ్లు చెక్ ఇన్‌కు 7 రోజుల ముందు బస మొత్తానికీ కొనవచ్చు, బయటివాళ్లు ఒక్కో రోజుకు 3 రోజుల ముందు మాత్రమే. ఆదివారం దిగి శుక్రవారం ఖాళీ చేసేవాళ్లకు శుక్రవారం బుకింగు 12 రోజుల ముందే చేతికొస్తుంది. పాత కిటుకే మళ్లీ పనికొస్తుంది: అమెరికా తూర్పు సమయం ఉదయం 7 గంటలకు యాప్ తెరిచి ముందు బస చివరి రోజుల్ని బుక్ చేయాలి, మొదటి రోజు కోసం తర్వాత చూసుకోవచ్చు. 2025లో చెక్ ఇన్ రోజున వాటర్ పార్కు ప్రవేశం కూడా ఉచితం చేశారు. బస్సు మాత్రం రాలేదు. పాత ఫాస్ట్‌పాస్‌కు, దీనికి ఉన్న తేడా కూడా మరచిపోకూడదు: అప్పుడు ముందు వరస గదితో పాటే వచ్చేది, ఇప్పుడు గది తీసుకున్నాక ఆ వరసను డబ్బు పెట్టి కొనే హక్కు వస్తోంది.

ఇంకో మార్పు గురించి తక్కువ మంది మాట్లాడుతున్నారు. హోటల్ అతిథులకు పార్కులో అదనపు సమయం ఇచ్చే పాత ఎక్స్‌ట్రా మ్యాజిక్ అవర్స్ చౌకైన ఆల్ స్టార్‌లో దిగిన కుటుంబానికీ, ఖరీదైన గ్రాండ్ ఫ్లోరిడియన్‌లో దిగిన కుటుంబానికీ ఒకటే. 2021 అక్టోబరు నుంచి రెండు ముక్కలు చేశారు. ఉదయం అరగంట అందరికీ, కొన్ని రాత్రుల్లో రెండు గంటల అదనపు సమయం ఖరీదైన హోటళ్ల వాళ్లకే. తక్కువ రద్దీలో పెద్ద రైడ్లు ఎక్కగలిగేది ఆ రాత్రి గంటల్లోనే. చౌక గది తీసుకున్నవాళ్లకు అది పూర్తిగా పోయింది.

ఉదయం అరగంట విలువ ఎంతన్నది అతిథి ఎప్పుడు లేస్తాడన్న దాన్ని బట్టి ఉంటుంది. పార్కు 9కి తెరిస్తే లోపలివాళ్లకు 8:30. ఆ వేళకు హోటల్ నుంచి బస్సెక్కితే లాభం లేదు. బస్సు కోసం ఎదురుచూపు, ప్రయాణం, భద్రతా తనిఖీ కలిపి 40 నిమిషాలు సులువుగా పోతాయి. గేటు దగ్గర అప్పటికే వరస ఉంటుంది. 7:45కల్లా గేటు ముందు ఉండేవాళ్లే రెండు పెద్ద రైడ్లు పూర్తి చేసుకుంటారు. నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ అరగంట ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ భాగాలే తెరిచి ఉంటాయి, మిగతా వైపు పరుగెత్తి ఉపయోగం లేదు.

బయట నుంచి కారులో వచ్చేవాళ్ల అసలు ఇబ్బంది కూడా మ్యాజిక్ కింగ్‌డమ్ దగ్గరే. కారు పార్కు ముందుకు రాదు. సరస్సుకు ఇవతల ఉన్న టికెట్ సెంటర్ దగ్గర నిలిపి, తనిఖీ దాటి, మోనోరైలో పడవో ఎక్కి అవతలికి చేరాలి. యాప్ టాక్సీలు దించేదీ అక్కడే. హోటల్ బస్సు నేరుగా పార్కు గేటు ముందు ఆగుతుంది, కాంటెంపరరీ నుంచైతే పది నిమిషాల నడక. సాయంత్రం బాణసంచా ముగిశాక, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని పడవ వరసలో నిలబడ్డవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. మిగతా మూడు పార్కుల్లో కారు దాదాపు గేటు దాకా వస్తుంది, అక్కడ లోపలి బసకు ఇంత మొగ్గు లేదు. కారు రుసుము లెక్క వేరు. 2023 అక్టోబరులో పార్కుల పార్కింగు రోజుకు 30 డాలర్లు చేశారు, హోటల్ అతిథులకు అది ఉచితం. ఆ ధరకు ఐదు రోజులకు 150 డాలర్లు. బయటి హోటల్ అద్దెతో పోల్చేటప్పుడు దాన్నీ, బయటి హోటళ్లు చాలావరకు అద్దెకు అదనంగా రోజువారీ వేసే రిసార్టు ఫీజునూ కలపాలి. డిస్నీ సొంత హోటళ్లు ఆ ఫీజు వేయవు.

యూనివర్సల్ దారి మొదటి నుంచీ వేరు. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో దిగితే పాత రెండు పార్కుల్లో మామూలు క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాసు గదితో పాటే వస్తుంది. చెక్ ఇన్ రోజు, చెక్ అవుట్ రోజు రెండూ లెక్కే, ఒక రాత్రి గదికి రెండు రోజుల పాసు. నలుగురి కుటుంబానికి ఆ పాసును విడిగా కొంటే అయ్యే ఖర్చు చాలా తేదీల్లో గది అద్దెనే మించిపోతుంది. ఎపిక్ యూనివర్స్‌లో ఆ పాసు చెల్లదు, అక్కడి హోటళ్లకు దగ్గరితనం, ముందస్తు ప్రవేశమే బలం. అందుకే ఓర్లాండో వెళ్లేవాళ్లు వారం మొత్తం ఒకేచోట బుక్ చేయడం తగ్గించి బసను చీల్చుకుంటున్నారు. డిస్నీలో కూడా ఉదయం అరగంటకు చెక్ ఇన్ రోజు, చెక్ అవుట్ రోజు రెండూ అర్హమే. ఆల్ స్టార్‌లో ఒక్క రాత్రి తీసుకుని రెండు ఉదయాలు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు, హాలీవుడ్ స్టూడియోస్‌కు వాడుకుని, మిగతా రాత్రులు బయట గడపవచ్చు. గది మధ్యాహ్నం 3కు గానీ ఇవ్వరు కాబట్టి పొద్దున్నే కారును హోటల్లో నిలిపి, సామాను బెల్ సర్వీసు దగ్గర అప్పగించి, అక్కడి బస్సులోనే పార్కుకు బయల్దేరాలి.